పరాయి దూలము

ఇల్లు కట్టుకొనువాడు దూలము ధర యెంత యని యడుగును. అది యెక్కడినుండి వచ్చినదని యొక్కొక్కప్పు డడుగును. ఆ దూలము నిచ్చిన చెట్టును నాటిన దెవ్వరని మాత్ర మెన్నడు నడుగడు. దేశములును ఇట్లే ప్రవర్తించుచున్నవి. ధాన్యము దిగుమతి చేసికొనవలసి వచ్చినచో చట్టసభలలో గగ్గోలు పుట్టును. చమురు ధర పెరిగినచో వీథివీథిని చర్చ జరుగును. కలప దిగుమతిని గూర్చి పద్దులు వ్రాయువారు తప్ప వేరొకరు పట్టించుకొనరు. అయినను ఒక దేశపు ముందుచూపును కొలుచుటకు కలప పద్దును మించిన కొలబద్ద లేదు. వరి కొన్ని మాసముల పంట. దానిలో తప్పు చేసినచో వచ్చు కారునకు దిద్దుకొనవచ్చును. దూలమునకు పనికివచ్చు చెట్టు 40 మొదలు 80 సంవత్సరముల పంట. ఈనాటి తప్పును మనుమలు గాని దిద్దజాలరు. ఈ సత్యమును మూడున్నర శతాబ్దములుగా తన పద్దులలో వ్రాసికొనుచు, వ్రాసినదానిని తానే మరల మరల మరచిన దేశ మొకటి కలదు. అది బ్రిటను.

దేవదారు, పైను, స్ప్రూసు మొదలైన సూదియాకుల చెట్లనుండి వచ్చు కొయ్యను వర్తకులు మెత్తకలప యందురు. పేరునుబట్టి ఇది బలహీనమని తలంపరాదు. ఇది తిన్నగా పెరుగును; తేలికగా నుండును; రంపమునకు సులువుగా లొంగును. ఇంటి వాసములు, నేలపలకలు, ఓడల తెరచాప స్తంభములు, రైలుపట్టాల క్రింది స్లీపర్లు, గనులలో కప్పు కూలకుండ నిలుపు ఊతకొయ్యలు, సరకుల పెట్టెలు, కాగితపు గుజ్జు — ఇన్నియు దీనిపై నాధారపడినవే. బ్రిటను ఓకుచెట్టునకు ప్రసిద్ధి చెందిన దేశమే కాని, విరివిగా కలపనిచ్చు సూదియాకు వృక్షములలో ఆ దేశమున స్వతస్సిద్ధముగ పెరుగునది స్కాట్లండు పైను ఒక్కటియే. కావున నౌకాబలమున ప్రపంచమును శాసించిన ఆ దేశము తన నౌకల స్తంభములకే పరులపై నాధారపడవలసి వచ్చెను.

1666 లో లండను నగరము దగ్ధమయ్యెను. ఆ నగరమును మరల కట్టుటకు నార్వేనుండి ఓడలకొలది కలప వచ్చెను. లండను మంటవద్ద నార్వేవారు హాయిగా చలికాచుకొనిరని ఒక సామెతయే పుట్టినది. ఆ పిమ్మట బాల్టిక్ సముద్రతీరపు రేవులు, ముఖ్యముగ రీగా, బ్రిటిషు నౌకాదళమునకు స్తంభముల నందించుచుండెను. ఆ సముద్రపు ఇరుకు ద్వారమును ఏ శత్రువైన మూసినచో ఏమగునను భయము వారిని వెన్నాడెను. అందుచే అమెరికా వలసరాజ్యములవైపు చూచిరి. 1691 నాటి మసాచుసెట్సు శాసనపత్రమున, ప్రైవేటు వ్యక్తులకు చెందని భూములలో 24 అంగుళముల వ్యాసముగల చెట్లన్నియు రాజువేయని ప్రకటించిరి. అట్టి చెట్లపై రాజముద్రగా బాణపు గుర్తు చెక్కిరి. తాము నరకి తెచ్చుకొన్న దుంగ తమది కాదనునప్పుడు ఎవరికి కోపము రాదు? 1772 లో న్యూహాంప్‌షైరు ప్రజలు ఈ పైను చెట్ల కొరకే అధికారులపై తిరుగబడిరి. అటుపై నాలుగేండ్లకు అమెరికా స్వాతంత్ర్యమును ప్రకటించెను. ఆ అడవియు బ్రిటను చేజారెను.

బ్రిటను మరల బాల్టిక్ కలపకే మరలెను. ఇంతలో 1807 లో నెపోలియను రష్యాతో సంధి చేసికొని, బ్రిటిషు వర్తకమునకు ఐరోపా రేవులను మూయింప సమకట్టెను. భయపడిన దినము వచ్చినది. అప్పుడు బ్రిటిషు ప్రభుత్వము విదేశపు కలపపై సుంకమును విపరీతముగ హెచ్చించి, కెనడా కలపను ప్రోత్సహించెను. యుద్ధము ముగిసిన తరువాతను ఆ సుంకము పోలేదు. 1821 లో కొంత తగ్గించి కూడ విదేశపు కలపపై లోడునకు 55 షిల్లింగులును, వలసరాజ్యపు కలపపై 10 షిల్లింగులును విధించిరి. ప్రక్కనున్న బాల్టిక్ తీరమును విడిచి అట్లాంటిక్ మహాసముద్రమును దాటి వచ్చిన దుంగ లాభసాటి యయ్యెను. ఇంటి ప్రక్క అంగడిని మాని పది ఊళ్ల ఆవలి అంగడికి పోవుట వంటిదే ఇది. తేడాయెల్ల ఇంటివారు కట్టుకొనవలసినదే. కలప దింపి ఖాళీగా కెనడాకు మరలు ఓడలలో ఐరిషు పేదలను క్రిక్కిరియ నెక్కించి పంపిరి. 1847 కరవుసంవత్సరమున అట్లు బయలుదేరిన వేలమంది జ్వరములతో దారిలోనే, రేవులలోనే మరణించిరి. దిగుమతి పద్దున ఈ లెక్క కనబడదు.

ఆ వెనుక స్వేచ్ఛావర్తక సిద్ధాంతము బలపడెను. 1842 లో సుంకములను తగ్గించిరి. 1860 లో స్వదేశ విదేశ భేదము లేకుండ సమానము చేసిరి. 1866 లో కలపసుంకమును పూర్తిగా రద్దుచేసిరి. వెంటనే వర్తకపు త్రాసు కెనడానుండి బాల్టిక్ వైపు మరల మొగ్గెను. స్వీడనులో ఆవిరి రంపపుమిల్లులు వెలసెను. ఫిన్‌లండు, రష్యా అడవులనుండి పలకలు ఓడలకొలది దిగెను. చౌకగా దొరకునది యింట పెంచుకొనుట యేల యను వాదము నాటి రాజనీతికి వేదవాక్య మయ్యెను. 20వ శతాబ్ది ఆరంభమునాటికి ఆ దేశమున అడవి మొత్తము భూమిలో నూటికి 5 వంతులు మాత్రమే మిగిలెను. కావలసిన కలపలో నూటికి 90 వంతులకు పైగా సముద్రముమీదుగా వచ్చుచుండెను.

ఇచట మన పాఠకులు గమనింపదగిన విచిత్ర మొకటి కలదు. ఆ దినములలో ఇండియాలో వేసిన తొలి రైలుమార్గములకు స్లీపర్లు పెక్కులు బాల్టిక్ పైను కొయ్యవే. తారునూనె పట్టించి ఇంగ్లండునుండి ఓడలపై పంపిరి. హిమాలయమున దేవదారు వనములుండగా, దానిని మైదానములకు తెచ్చు దారి లేక, ప్రపంచపు ఆవలి కొననుండి కొయ్య తెచ్చిరి. పిమ్మట ఆ వనములపైనను కన్ను పడినది. 1864 లో డీట్రిక్ బ్రాండిస్ అను జర్మను శాస్త్రజ్ఞుని నాయకత్వమున ఇండియాలో అటవీశాఖను స్థాపించిరి. ఇచట అటవీశాఖాధిపతిగా పనిచేసిన విలియం ష్లిక్ 1885 లో ఇంగ్లండునందు కూపర్స్ హిల్ కళాశాలలో అటవీవిద్యను ప్రారంభించెను. 1905 లో అది ఆక్స్‌ఫర్డునకు మారెను. ఆ విద్య కూడ ప్రధానముగ ఇండియాకు అధికారులను తయారుచేయుటకే. ఇండియా అడవులకు శాఖను నెలకొల్పిన 55 సంవత్సరములకు గాని తమ దేశమంతట అడవులు పెంచు బాధ్యతగల సంస్థ తమకొకటి కావలెనని వారికి తోచలేదు. పరుల తోటకు కంచె కట్టినవాడు తన పెరటిని బయలుచేసికొనుట యిట్టిదే.

1914 లో యుద్ధము వచ్చెను. జర్మను జలాంతర్గాములు కలప ఓడలను ముంచసాగెను. కలప స్థూలమైన సరకు. ఒక ఓడ దుంగలు తెచ్చుటయనగా ఒక ఓడ గోధుమలు మానుకొనుట. కాని దుంగలు లేనిదే గనులలో కప్పు నిలువదు. కప్పు నిలువనిదే బొగ్గు రాదు. బొగ్గు లేనిదే ఉక్కును లేదు, నౌకాయానమును లేదు. కెనడానుండి దుంగలకు బదులు దుంగలు కొట్టువారినే రప్పించిరి. 1916 లో కెనడా అటవీదళము బ్రిటనులో దిగి, మిగిలియున్న వనములను నరకెను. నూరేండ్లనాడు నాటినవారి పుణ్యమున నాటి గండము గడచెను.

ఆపదలో కలిగిన వైరాగ్యము ఫలించినది. 1916 లో ఆక్లండు అధ్యక్షతన నియమింపబడిన ఉపసంఘము, అత్యవసర పరిస్థితిలో మూడు సంవత్సరములు విదేశపు కలప లేకుండ జరుపుకొనుటకై 80 ఏండ్లలో 17 లక్షల 70 వేల ఎకరములలో చెట్లు పెంచవలెనని నిర్ణయించెను. 1919 లో శాసనమును చేసి అటవీ కమిషనును స్థాపించిరి. ప్రణాళిక 80 ఏండ్లకు. ఉత్సాహ మెన్నాళ్లు నిలిచెను? మూడేండ్లు! 1922 లో వ్యయనివారణకై ఏర్పడిన గెడిస్ కమిటీ ఈ పనిని ఆపివేయుమని సలహా యిచ్చెను. కమిషను ప్రాణములతో బయటపడెనే కాని ధనము తగ్గెను. శాంతి వచ్చెను గదా, స్వీడను కలప చౌక గదా, మొక్కలకు డబ్బేల?

తరువాతి దశాబ్దియందు తగవు చెట్లు నాటుటను గూర్చి కాక ఎవరి కలప కొనవలెనను విషయమై జరిగెను. 1930-31 లలో సోవియటు కలప విరివిగా, చౌకగా వచ్చెను. నిర్బంధశ్రమతో నరకిన కలపయని ఆందోళన లేచెను. 1932 లో ఒటావా ఒడంబడికలో కెనడా తన కలపకు రక్షణ కోరి సాధించెను. ఇంతలో రెండవ యుద్ధము. 1940 ఏప్రిలులో జర్మనీ డెన్మార్కు, నార్వేలను ఆక్రమించుటతో ఉత్తరపు కలపదారి మూతపడెను. 1919 తరువాత నాటిన చెట్లకు అప్పటికి ఇరువది యేండ్లైన నిండలేదు. అవి పెద్ద దూలములకు చాలవు. మరల పాత వనములే బలియైనవి. 1942 లో స్త్రీలతో కలపదళము నేర్పరచిరి. వేలకొలది యువతులు గొడ్డళ్లు, రంపములు పట్టిరి. ఒక్క తరములోనే రెండుమారులు చెప్పిన పాఠ మిది.

యుద్ధానంతరము కొంత నేర్చిరి. 50 ఏండ్లలో 50 లక్షల ఎకరముల అడవి యను లక్ష్యము 1943 నాటి నివేదికలో వెలువడెను. 1831 లో డేవిడ్ డగ్లస్ అమెరికా పశ్చిమతీరమునుండి పంపిన సిట్కా స్ప్రూసును ప్రధానముగ నాటిరి. తడి కొండలపై, సారము తక్కువైన నేలపై కూడ అది త్వరగా పెరుగును. నేడు ఆ దేశమున అడవి నూటికి 13 వంతులకు చేరినది. కోసిన మెత్తకలపలో సుమారు మూడవవంతు స్వదేశపు మిల్లులనుండి వచ్చుచున్నది. నూరేండ్ల క్రిందటి స్థితితో పోల్చిన ఇది చిన్న విజయము కాదు. కాని తక్కిన రెండువంతులు, ఏటేట సుమారు 60 లక్షల ఘనమీటర్లు, ఇప్పటికిని సముద్రము దాటి రావలసినదే. త్వరగా పెరిగిన చెట్టు కొయ్య పలుచన. అది కంచెలకు, సరకుల పలకలకు ఎక్కువగా పోవును. స్వీడను చలిలో మెల్లగా బలిసిన చెట్టు గట్టిది. మంచి యిండ్ల వాసములకు దానినే కోరుదురు.

దిగుమతి దారులును మారుచునే యున్నవి. 1991 లో సోవియటు రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట లాట్వియా స్వతంత్రముగ వర్తకమునకు వచ్చి, స్వీడను తరువాతి పెద్ద సరఫరాదారులలో నొకటి యైనది. 1993 లో పైను చెట్లను చంపు ఒక సూక్ష్మమైన నులిపురుగు భయమున, కొయ్యను లోపలివరకు 56 డిగ్రీల వేడిలో అరగంట యుంచనిదే కెనడా కలపను ఐరోపాలోనికి రానీయమని నిబంధన చేసిరి. నెపోలియను కాలమునుండి నడచిన కెనడా వర్తకము కంటికి కనబడని పురుగుచే కుంగినది. 2008 లో ధనసంక్షోభము కలుగగా ఇండ్లు కట్టువారు లేక దిగుమతి ఒక్కసారి పడిపోయెను. 2021 లో మహమ్మారి కాలపు నిర్బంధములలో ఇండ్లకు మరమ్మతులు చేయించువారు పెరుగగా ధర ఆకాశమంటెను. 2022 లో రష్యా యుక్రెయినుపై దండెత్తగా రష్యా, బెలారసు కలపను బహిష్కరించిరి. రెండువందల ఏండ్లలో పేర్లు మారినవి, రేవులు మారినవి, కారణము మారలేదు. ఎచటనో ఎవరో తలుపు మూసినచో ఇచట ఇంటికప్పు నిలిచిపోవును.

స్వదేశపు చెట్టు సంగతియైన స్థిరముగనున్నదా? 1980 ప్రాంతములందు ధనవంతులు పన్ను తప్పించుకొనుటకై స్కాట్లండు ఉత్తరపు కొసనున్న విశాలమైన బురదనేలలను దున్నించి చెట్లు నాటించిరి. అవి వేలయేండ్లుగ ఏర్పడిన అపురూపమైన నేలలు. ఆగ్రహము చెలరేగగా 1988 లో ఆ పన్నురాయితీని తీసివేసిరి. తీసివేయుట న్యాయమే. 2024 లో ఆ నేలలు ప్రపంచ వారసత్వస్థల మైనవి. కాని తగిన నేలపై తగిన చెట్టు నాటించు మార్గమును దానికి బదులుగా గట్టిగా చూపలేదు. సూదియాకు చెట్ల నాటకము తగ్గిపోయెను. 1988 తరువాత నాటని చెట్టు 2030 తరువాత కోతకు లేని చెట్టు. స్వదేశపు కలప వచ్చు దశాబ్దిలో శిఖరమునకు చేరి తరువాత తగ్గునని అటవీ శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చెప్పుచున్నారు. ఇంతకును తప్పు చేసిన మంత్రులెవ్వరు ఆనాడు సభలో నుండరు.

దిగుమతియే పాపమని మే మనుట లేదు. స్వీడను, ఫిన్‌లండు దేశములు కొట్టినదానికి బదులు నాటుచున్నవి. అట్టివారివద్ద కొనుట తప్పు గాదు. ప్రతి దేశము ప్రతి వస్తువును పండింపలేదు. తప్పు వేరొకచోట నున్నది. నేటి ధర చౌక గనుక రేపటి చెట్టు అక్కరలేదనుట తప్పు. ఆపదలో నాటుదమని ప్రతిజ్ఞ చేసి, ఆపద గడచినంతనే మొక్కల పద్దునే మొదట కొట్టివేయుట తప్పు. తొందరపడి తగని నేలలో నాటి, తగిన నేలను విడుచుట తప్పు. చట్టసభ ఆయుర్దాయము ఐదేండ్లు. చెట్టు ఆయుర్దాయము దానికి పదిరెట్లు. ఈ రెంటికి పొత్తు కుదుర్చుటయే రాజనీతి.

పరుల కథ చెప్పి మన యింటిని చూచుకొనకుండుట ధర్మము కాదు. 1988 నాటి మన జాతీయ అటవీవిధానము భూమిలో మూడవవంతు అడవి యుండవలెనని చెప్పెను. పరిశ్రమలు తమకు కావలసిన కొయ్యను రైతులతో నేరుగా సంబంధము పెట్టుకొని పెంపించుకొనవలెననియు చెప్పెను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఆమోదింపబడిన ప్రణాళిక లేనిదే అడవులలో చెట్లు కొట్టరాదని శాసించెను. అడవులను కాపాడుటకు అది యావశ్యకమే. కాని పెట్టెలు, పలకలు, కట్టడపు చెక్కలు కావలసినవారు అడవి నిలిచినది గదాయని కొనుట మానలేదు. గుజరాతులోని కాండ్లా రేవున న్యూజీలండు పైను దుంగలు దిగసాగెను. గాంధీధామమున రంపపుమిల్లులు వెలసెను. 2020 తరువాత ఆ దుంగలకు పొగబెట్టు మిథైల్ బ్రోమైడు మందుపై న్యూజీలండులో ఆంక్షలు బిగియగా ఆ వర్తకమును కుదించుకొనిపోయెను; కొనువారు ఇతర దేశములవైపు పరుగిడిరి. 1993 లో బ్రిటనునకు పురుగు నేర్పిన పాఠమును మనకు మందు నేర్పినది.

మన తీరపు ఇసుకనేలలలో సరుగుడు, ప్రకాశము జిల్లా మెట్టలలో సుబాబులు, జామాయిలు వేసిన రైతులు కలరు. శాస్త్రమునుబట్టి ఇవి మెత్తకలప కావు. పైను చేయు పనులన్నియు ఇవి చేయజాలవు. కాని ఇవి కాగితపు గుజ్జునకును, కొన్ని పలకలకును చాలును. వీనిని కొన్ని యేండ్లకే కోయవలసివచ్చుటకు కారణము రైతునకు ఓపిక లేక కాదు. నిలుచుటకు ఆధారము లేక. ధర బాగున్న యేట అందరును నాటుదురు. కోతనాటికి ధర పడును. మరుసటి యేట మొదళ్లు పెరికివేయుదురు. పది, ఇరువది యేండ్ల చెట్టును నిలుపుమని రైతుతో చెప్పువారు, అన్నాళ్లు అతని ఇంటి పొయ్యి యెట్లు వెలుగునో కూడ చెప్పవలెను. ముందుగా వ్రాసికొన్న ధర, నిలబడియున్న చెట్టుపై అప్పు, తన పొలములోని చెట్టును తాను కొట్టుకొనుటకు కచేరీల చుట్టు తిరుగనక్కరలేని సులభమైన అనుమతి — ఈ మూడును లేనిదే ఉపన్యాసములవలన చెట్టు పెరుగదు.

ప్రతియేట వనమహోత్సవమున మొక్కలు నాటినవారి ఛాయాచిత్రములు వెలువడుచున్నవి. నాటినదెంత యని లెక్క చెప్పుచున్నారు. పదియేండ్లకు మిగిలినదెంత యని చెప్పువారు కావలెను. బ్రిటను మూడున్నర శతాబ్దులలో రెండు మహాయుద్ధములు, అనేక ఓడలు, తన పాత వనములు వెచ్చించి ఒక్క మాట నేర్చినది: కలపను కొనవచ్చును, కాలమును కొనలేము. అంత వెల యిచ్చి ఆ మాటను మనము మరల కొనుక్కొనవలసిన పనిలేదు. మన మనుమడు ఇల్లు కట్టునాడు వానికి కావలసిన దూలము ఈనాడు మొక్కగా నెక్కడనో నిలిచియుండవలెను. అది యెచట నున్నదో పాలకులు చెప్పవలెను. చెప్పువరకు ప్రజలు అడుగవలెను.